ఉదయగిరి కోట ఫోటోలు తెల్లగా ఎందుకొస్తున్నాయంటే

మీరు పదకొండింటికి కొండెక్కి తీసిన ఉదయగిరి కోట ఫోటోల్లో ఆకాశం తెల్లగా, గోడలు చప్పగా వచ్చాయన్నారు కదండీ. ఫోన్ తప్పు కాదు, ఎండ నడినెత్తిన ఉంది. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దారి కాబట్టి ముందు రాత్రే ఉదయగిరిలో ఉండండి. వెలుగు రాగానే ఎక్కడం మొదలుపెట్టండి. అప్పుడు ఎండ పక్కనుంచి పడి, రాళ్ల మధ్య అతుకులు కూడా నీడ పట్టి తేలి కనిపిస్తాయి. స్క్రీన్ మీద ఆకాశాన్ని నొక్కిపట్టి, వెలుతురు కాస్త తగ్గించండి. చెమట చేతులు తగిలి లెన్స్ మసకబారుతుంది, నూలుగుడ్డతో తుడుస్తూ ఉండండి. పొదల్లో దారి తప్పకుండా ఊళ్లో తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి, నీళ్లు మరవకండి.

కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఇది. ఇంకోసారి తప్పకుండా ఎక్కండి.