కామినో నడకకి గెయిటర్లు కావాలా?

సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని సెయింట్ జీన్ నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో దాకా కామినో ఫ్రాన్సెస్ అనే యాత్రికుల కాలిబాట నడుస్తున్నాను, మోకాలి దాకా వచ్చే గెయిటర్లు (బూటు పైభాగాన్నీ కాలినీ కప్పే తొడుగులు) కొనాలా అని అడిగారు కదా. వద్దండి. అవి మంచుకీ లోతైన బురదకీ పనికొస్తాయి, మీరు వెళ్లే నెలలో ఉత్త బరువు, పైగా కాళ్లకి చెమట. దాదాపు 780 కిలోమీటర్లు ఆ సంచి మోయాల్సింది మీరే. కానీ చీలమండ దాకా వచ్చే పల్చటివి ఒక జత పెట్టుకోండి, ముఖ్యంగా పొట్టి బూట్లయితే, ఎందుకంటే బుర్గోస్ నుంచి లియోన్ దాకా మెసేటా అనే ఎత్తైన మైదానంలో చాలా చోట్ల గులకరాళ్ల దారే, చిన్న రాయి లోపల దూరినప్పుడు ఆగి తీయడానికి బద్ధకిస్తే సాయంత్రానికి బొబ్బ ఖాయం. దారి చివర్లో వచ్చే గలీసియా ప్రాంతంలో వాన పడొచ్చు, దానికి పొడుగు పాంచో, ఇంకో జత ఉన్ని సాక్సులు చాలు. మార్చిలో వెళ్తున్నానంటే మాత్రం పొడుగు గెయిటర్లే కొనమనేదాన్ని.