ఏ టీమ్ అన్నది తర్వాత, ముందు అబ్బాయితో మాట్లాడండి

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి రాసిన తండ్రిగారికి,

మూడేళ్లుగా మీ అబ్బాయి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపే స్థానంలో స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే ఆటగాడు) వెనక ఉండేవాడు. పేరున్న యూనివర్సిటీ ఒకటి రమ్మంటోంది, కానీ అక్కడా రెండో స్థానమే. ఎఫ్‌సీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో రెండో అంచె) స్థాయి చిన్న టీమ్‌లో అయితే వెళ్లగానే ఆడొచ్చు. ఏది మేలని అడిగారు. ఉత్తరం చివర్లో మాత్రం, 'కోచ్‌లిద్దరితో నేనే మాట్లాడాను, వాడికింకా తెలీదు, థాంక్స్‌గివింగ్ నుంచి వాడు నా ఫోన్ ఎత్తడం లేదు' అని రాశారు. నా జవాబు ఆ మాటకే.

ముందు ఆ ఫోన్లు ఆపండి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో, పేరు పడకముందే వేరే టీమ్ కోచ్ మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం, తండ్రి ద్వారా మాట్లాడినా అంతే. 2026లో పోర్టల్ తెరిచి ఉండేది జనవరి 2 నుంచి 16 వరకే. పేరు ఎక్కించమని రాతపూర్వకంగా అడగాల్సింది అబ్బాయే. అడిగాక, యూనివర్సిటీలో నిబంధనల సంగతి చూసే కాంప్లయన్స్ ఆఫీసు రెండు పనిదినాల్లో ఎక్కిస్తుంది. ఆ తర్వాత పాత యూనివర్సిటీ సెమిస్టర్ చివర్న స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. అంత బరువు నెత్తిన వేసుకునేవాడికి తెలియకుండా మీరు బేరాలాడటం ప్రేమ అనిపించుకోదు. ఇరవయ్యేళ్లవాడికి అది అవమానం. వాడు ఫోన్ ఎత్తకపోవడంలో నాకు తప్పేమీ కనిపించలేదు.

పెద్ద పేరు మీద మోజు ఎవరిదో కూడా ఆలోచించండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో చెప్పుకోవడానికి అది బాగుంటుంది. కానీ మ్యాచ్‌లో ఆడిన వీడియో లేని క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేయడం ఎవరికైనా కష్టమే. ప్రాక్టీసులో మొదటి జట్టుతో ఆడే అవకాశాలు చాలావరకు స్టార్టర్‌కే పోతాయి. రెండోవాడికి మిగిలేది తక్కువ. 2005లో మ్యాట్ క్యాసెల్‌లా కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయకుండా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు ఎంపికైనవాళ్లు ఉన్నారు, కానీ అతను ఎంపికైంది చిట్టచివరిదైన ఏడో రౌండ్‌లో. అలాంటివాళ్లు అరుదు. నన్నడిగితే ఆడే చోటే మేలు. అయినా ఆ మాట నా నోటనో మీ నోటనో తేలేది కాదు.

అబ్బాయి కోచ్‌లను అడగాల్సినవి ఇవి. స్టార్టర్‌కు ఇంకా ఎన్ని సీజన్లు మిగిలాయి? ఈసారి హైస్కూల్ నుంచి క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా వస్తున్నాడా? జట్టు దాడి వ్యూహం చూసే కోచ్, అదే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, వచ్చే ఏడాదీ ఉంటాడా? అతను వెళ్లిపోతే ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) మారుతుంది, కుర్రవాడు మళ్లీ మొదటికొస్తాడు. స్కాలర్‌షిప్ ఒక ఏడాదికా, డిగ్రీ అయ్యేదాకానా అన్నది కాగితం మీద చూసుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది క్రెడిట్ల దగ్గర. మూడో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో నిర్ణీత శాతం పూర్తయి ఉండాలి, లేకపోతే ఆడనివ్వరు. కొత్త యూనివర్సిటీ కొన్ని కోర్సులు లెక్కలోకి తీసుకోకపోతే ఆ శాతం పడిపోతుంది. కాబట్టి ఒప్పుకునే ముందే ట్రాన్‌స్క్రిప్ట్ పంపి, ఏయే కోర్సులు చెల్లుతాయో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. పట్టా చేతికొచ్చాకే మారిన పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లూ ఉన్నారు. జో బరో ఒహాయో స్టేట్‌లో మూడేళ్లలో డిగ్రీ ముగించుకుని 2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్ఎస్‌యూ) వెళ్లాడు. జేలెన్ హర్ట్స్ స్టార్టర్ స్థానం పోయాక కూడా 2018 సీజనంతా అలబామాలోనే ఉండి, పట్టా పుచ్చుకున్నాకే ఓక్లహోమాకు మారాడు.

ఈ ఆదివారం అబ్బాయి దగ్గరికి వెళ్లండి, అమ్మగారిని మధ్యవర్తిగా పంపొద్దు. కోచ్‌లతో మాట్లాడిన సంగతి దాచకుండా చెప్పి, 'నీకు చెప్పకుండా చేయడం నాదే తప్పు, నాన్నా' అనండి. పై ప్రశ్నల కాగితం వాడి చేతికిచ్చి, అడిగితేనే సలహా చెప్పండి.