ఫేజర్ ఎప్పుడు, లాప్లాస్ ఎప్పుడు?

"లాప్లాస్, కాంప్లెక్స్ నంబర్లు మ్యాథ్స్‌లో బానే చేస్తా, సర్క్యూట్ ప్రాబ్లం ఇస్తే మాత్రం ఏది వాడాలో తెలీట్లేదు" అని ఒక స్టూడెంట్ అన్నారు. లాప్లాస్ అంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని అల్జీబ్రాగా మార్చే పద్ధతి, ఫేజర్ అంటే సైన్ వేవ్ ఎంత పెద్దదో, ఎంత ముందుందో చెప్పే కాంప్లెక్స్ నంబర్. నేను ట్రిపుల్ఈ సెకండియర్ పిల్లలకి నెట్‌వర్క్స్ చెప్తుంటా, దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఈ గోల ఉంటుంది, ఎందుకంటే మ్యాథ్స్ ఒకరు చెప్తారు సర్క్యూట్స్ ఇంకొకరు చెప్తారు, రెండిటికీ లింకు ఎవరూ కలపరు.

నేనైతే ఫేజర్ అనే మాట ఎత్తకముందే బోర్డు మీద ఒక ఆర్ఎల్ (రెసిస్టర్, కాయిల్) సర్క్యూట్ వేస్తా. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 30 ఓమ్‌ల రెసిస్టర్, సిరీస్‌లో 40 ఓమ్‌ల రియాక్టెన్స్ (ఏసీకి కాయిల్ ఇచ్చే అడ్డు) ఉన్న కాయిల్ (సుమారు 127 మిల్లీహెన్రీలు, దాని సొంత రెసిస్టెన్స్ వదిలేద్దాం). కరెంట్ 4.6 ఆంప్స్. రెసిస్టర్ మీద 138 వోల్టులు, కాయిల్ మీద 184, కూడితే 322, సప్లై చూస్తేనేమో 230! "సార్, కేవీఎల్ ఫెయిలయిందా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడుగుతారు, నాక్కావల్సిందీ అదే. కేవీఎల్ అంటే లూప్‌లో వోల్టేజీలన్నీ కూడితే సప్లై రావాలనే కిర్చాఫ్ రూల్.

కేవీఎల్ ఎక్కడికీ పోలేదు, ఏ క్షణంలో చూసినా ఆ రెండూ కలిపితే సప్లైయే వస్తుంది, కానీ మీటర్ చూపించేది ఆర్ఎంఎస్ (ఒకరకం సగటు విలువ, ఆ క్షణం విలువ కాదు), పైగా రెండూ ఒకేసారి పీక్‌కి వెళ్లవు, కాయిల్ వోల్టేజ్ 90 డిగ్రీలు ముందుంటుంది. 138 స్క్వేర్, 184 స్క్వేర్ కూడి రూట్ తీయండి, కరెక్ట్‌గా 230. జె (మ్యాథ్స్‌లో ఐ, అంటే రూట్ మైనస్ వన్) అంటే ఆ 90 డిగ్రీల తిప్పుడే, బ్రహ్మవిద్యేం కాదు. సైన్ వేవ్‌ని డిఫరెన్షియేట్ చేస్తే మళ్ళీ సైన్ వేవే, కాస్త పక్కకి జరిగి ఒమేగా (2 పై ఎఫ్) రెట్లయి వస్తుంది, అందుకే డీ బై డీటీ ఉన్నచోట జె ఒమేగా పెట్టేసి మామూలు అల్జీబ్రాలా లాగించేస్తాం, ఫేజర్ పద్ధతి అంటే ఇదే. 1893లో స్టైన్‌మెట్జ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీర్ చికాగోలో ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో ఈ పద్ధతి వివరించాడు, లేకపోతే మనం ఇప్పటికీ సైన్లూ కొసైన్లతో కుస్తీ పడుతుండేవాళ్ళం.

అయితే ఇదంతా స్టెడీ స్టేట్‌కే, అంటే స్విచ్ వేసి అంతా కుదుటపడ్డాకే. ప్రశ్నలో "టి ఈక్వల్ టు జీరో దగ్గర స్విచ్ మూశారు" అని కనపడితే ఫేజర్ ఒక్కటే సరిపోదు (మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే), అదే కేవీఎల్ ఈక్వేషన్ రాసి, ఇనీషియల్ కరెంట్ పెట్టి లాప్లాస్‌కి వెళ్ళండి, జె ఒమేగా ఉన్నచోట ఎస్ వస్తుంది, అంతే తేడా. మన సర్క్యూట్‌కి ఎల్ బై ఆర్ (అదే టైం కాన్‌స్టంట్) 4.2 మిల్లీసెకండ్లు, ఐదు టైం కాన్‌స్టంట్లకి 21, అంటే కాస్త అటూఇటూగా ఒక్క సైకిల్ తిరిగేసరికి ట్రాన్సియెంట్ (స్విచ్ వేసిన కొత్తలో వచ్చే తాత్కాలిక కరెంట్) ఖాళీ, మీటర్ ముల్లు సరిగ్గా కదిలేలోపే, అందుకే ల్యాబ్‌లో అది మీ కంట పడలేదు.

ఓపికుంటే ఈ ప్రాబ్లమే లాప్లాస్‌తో రెండుసార్లు చేయండి, ఒకసారి వోల్టేజ్ సున్నా దగ్గర స్విచ్ వేసి, ఇంకోసారి 53.13 డిగ్రీల దగ్గర వేసి. రెండోసారి ఎక్స్‌పొనెన్షియల్ టర్మ్ మొత్తం ఎగిరిపోతుంది, ఎందుకో ఫేజర్ డయాగ్రామ్ చూసి చెప్పండి.