సైబర్ స్టేషన్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. అడిగి మరీ సైబర్ క్రైమ్‌కి పోస్టింగ్ వేయించుకున్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నాకైతే మీసం మెలేయాలనిపించింది. కానీ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు.

నీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, అయినా రాస్తున్నా. సోషల్ మీడియా పోస్టు సాక్ష్యంగా దొరికితే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకు, లింకూ తేదీ టైమూ రాసుకో. రికార్డులు ఇమ్మని అడిగే బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 94 కింద ఆ సోషల్ మీడియా కంపెనీకి నోటీసు వెంటనే పంపు. సీజ్ చేసిన ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టించు. ఎలక్ట్రానిక్ రికార్డుకి జతచేసే సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో రికార్డు ఇచ్చేవాళ్లు నింపే పార్ట్ ఎ, నిపుణుడు నింపే పార్ట్ బి రెండూ ఉన్నాయో లేదో, ఫైల్ మారలేదని చూపే హాష్ వాల్యూ రాశారో లేదో చూసుకో. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టలేనప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరని పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి మీద 2020లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

అనుమానితుడు ఇన్‌స్టాలో పెట్టిన స్టోరీని నీ సొంత ఖాతాలోంచి చూడకు. ఎవరెవరు చూశారో వాడికి పేర్లతో సహా కనిపిస్తుంది.

ఇక అసలు విషయం. నేను పోలీసు ఉద్యోగంలో కొత్త సర్కిల్‌లో చేరినప్పుడు నా ముందు అధికారి వదిలి వెళ్లిన ఫైల్ ఒకటి చేతికొచ్చింది. ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడని రాత్రి 8, 9 గంటల మధ్య చంపి నగలు తీసుకుపోయారు. మేడమీద అద్దెకుండే కుర్రాడు తెల్లారేసరికి ఫేస్‌బుక్ మూసేశాడు, చాట్‌లు చెరిపేశాడు. తప్పు చేయనివాడు ఎందుకు చెరుపుతాడని అందరూ అక్కడే ఆగిపోయారు. పైగా కంపెనీ పంపిన కాగితంలో ఆ రోజు 20:25కి ఆ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి లాగిన్ ఉంది. అంటే రాత్రి ఎనిమిదిన్నరకి వాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట! డ్యూటీలో ఉన్నాడని పెట్రోల్ బంకు మేనేజర్ మొత్తుకున్నా, స్నేహం కొద్దీ అబద్ధమాడుతున్నాడన్నారు. కుర్రాణ్ణి రిమాండ్‌కి పంపారు.

కంప్యూటర్ గదిలో పనిచేసే హోంగార్డు ఒకడు ఆ కాగితం చూసి, "సార్, చివర యూటీసీ అని ఉంది" అన్నాడు. యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. ఆ లాగిన్ మర్నాడు తెల్లవారుజామున 1:55కి అయింది. బంకు డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఫోన్ చూసుకున్నాడు, అంతే. చాట్‌లు ఎందుకు చెరిపాడంటే, అవి ఇంట్లోవాళ్లకి తెలియకుండా ఒక అమ్మాయితో మాట్లాడినవి. పోలీసులు వాకిట్లోకి రాగానే ఆ పిల్ల పేరు బయటపడుతుందని భయపడ్డాడు.

అసలువాడు నగలు తాకట్టు పెడుతూ దొరికాడు. కుర్రాడి పేరు తీసేశారు, ఉద్యోగం మాత్రం మళ్లీ ఇవ్వలేదు. వాళ్లమ్మ రోజూ స్టేషన్ మెట్ల మీద కూర్చునేదని స్టేషన్ రికార్డులు రాసే రైటర్ చెప్పాడు. నీకు ఇంత వివరంగా రాస్తున్నది ఆవిడ కోసమే అనుకో.

పోస్టు మంచి సాక్ష్యమే, కాదనను. 2009లో న్యూయార్క్‌లో దోపిడీ కేసులో పట్టుకున్న ఒక కుర్రాణ్ణి విడిపించింది ఫేస్‌బుక్ స్టేటస్సే. దోపిడీకి కాస్త ముందు అది వాళ్ల నాన్న ఇంటి నుంచి పెట్టిందని కంపెనీ రికార్డు చెప్పింది. ఖాతా ఎక్కడ, ఎప్పుడు తెరిచారో రికార్డు చెబుతుంది. తెరిచింది ఎవరో నువ్వే తేల్చుకోవాలి. చావు జరిగిన మర్నాడు నవ్వుతున్న ఫొటో పెట్టాడని ఎవణ్ణీ అనుమానించకు. ఆ ఫొటో ఎప్పటిదో అడుగు. ఫోన్‌లో ఉన్న అసలు ఫైల్‌లో తీసిన టైము ఉండొచ్చు, వాట్సాప్‌లో ఫొటోగా పంపినదాంట్లో ఆ వివరాలు పోతాయి.

టీవీవాళ్లు ఫోన్ చేసి "నిందితుడి ఇన్‌స్టాలో ఏముంది మేడమ్" అంటారు. ఒక్క ముక్క చెప్పావో, నేనే వచ్చి నీ చెవి మెలేస్తా.

అన్నట్టు, యూనిఫాంలో స్టేషన్ గుమ్మం ముందు రీల్ చేశావట! బుద్ధుందా? వెనక మీ బండి నంబరు స్పష్టంగా కనిపిస్తోందని మా మనవడు చూపించాడు. నువ్వు పట్టుకున్నవాళ్లు కూడా ఫోన్లు చూస్తారే పిచ్చిదానా. ఖద్దరు చీరలో ఉన్న నీ చిన్నప్పటి ఫొటో పెట్టుకో, అది బాగుంటుంది.

రాత్రి డ్యూటీ ఉన్నరోజు మజ్జిగన్నం తినే వెళ్లు, టీల మీద బతకొద్దు. నువ్వు చెబితే వినదు గానీ మీ అమ్మతో నేను మాట్లాడతాలే. వచ్చే ఆదివారం రీల్ తీసేశావో లేదో మనవణ్ణి చూసి చెప్పమంటా.

మీ మామయ్య