పవర్ పెంచిన ఇంజన్‌కు ఏ ఏసీ పంపు? ప్రెషర్ చూసి మాత్రం కొనకండి

పాత కార్బురేటర్ ఇంజన్‌ను పవర్ కోసం మార్పిస్తున్నాను, మెకానికల్ ఫ్యూయల్ పంపు (ఇంజన్ తిరిగితే నడిచే పెట్రోలు పంపు, షెడ్లలో ఏసీ పంపు అనేది దీన్నే) ఎంత ప్రెషర్‌ది తీసుకోవాలి అని అడిగారు. ఈ ప్రెషర్ పిచ్చే నన్ను ఒకసారి నడిరోడ్డు మీద నిలబెట్టింది, అందుకే రాస్తున్నాను.

మాది కావలి. నా బండి ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ. హెడ్ ఫేసింగ్ చేయించి, క్యామ్ మార్చి, రెండు బ్యారెళ్ల కార్బురేటర్ పెట్టించాను. ఊళ్లో బ్రహ్మాండంగా లాగేది. హైవే ఎక్కి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం అర నిమిషం పరుగు, ఆ తర్వాత జెర్కులు. కాలు తీస్తే మళ్లీ మామూలే. ప్లగ్గులు మార్చాను, జెట్లు మార్చాను. ఫ్లోట్ ఛాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె) ఖాళీ అవుతోందని, పెట్రోలు అంత వేగంగా అందడం లేదని అప్పుడు తట్టలేదు.

నెల్లూరులో ఒక షెడ్డులో చూపిస్తే "అన్నా, ఏసీ పంపులో గట్టి స్ప్రింగు వేస్తే సరిపోద్ది" అని వేసేశాడు. ప్రెషర్ గేజీ పెట్టి చూసింది లేదు. ఇంజన్లు విప్పే షెడ్లలో ఆ చిన్న గేజీ ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ కోపమే.

మే నెల. పిల్లలతో ఒంగోలు బయల్దేరాం. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడిపండ్లు పెట్టుకుని అమ్ముతుంటారు కదా, కొందామని స్లో చేశాను. పెట్రోలు వాసన గుప్పుమంది. ఇంజన్ ఆపి బానెట్ ఎత్తితే కార్బురేటర్ పైనుంచి పెట్రోలు కారి వేడి మానిఫోల్డ్ మీద పడుతోంది. పండ్లు అమ్మే పెద్దామె "బండి సంగతి తర్వాత నాయనా, ముందు పిల్లోళ్లని దించు!" అని అరిచి, తనే వచ్చి ఇద్దరినీ చెయ్యి పట్టుకుని దూరంగా చెట్టు కిందకి తీసుకుపోయింది. అంతా చల్లారేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

జరిగింది ఇదీ. ఇంజన్ క్యామ్ పంపులోని డయాఫ్రంను (రబ్బరు పొరను) ఒక వైపు లాగుతుంది, పెట్రోలును తోసేది స్ప్రింగు. స్ప్రింగు గట్టిదైతే ప్రెషర్ పెరుగుతుంది. ఇంజన్ తాగేది తగ్గినప్పుడు ఆ ప్రెషర్‌ను నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ ఛాంబర్‌లోకి పెట్రోలు దారి మూసే చిన్న వాల్వ్) ఆపలేక కార్బురేటర్ పొంగుతుంది. ఎక్కువ కార్బురేటర్లకు 3 నుంచి 5 పీఎస్ఐ ప్రెషర్ చాలు. మీరు చూడాల్సింది నిమిషానికి ఎంత పెట్రోలు వస్తోంది అన్నది.

లెక్క కష్టం కాదు. ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 230 గ్రాముల పెట్రోలు వేసుకోండి. 60 హార్స్‌పవర్ అంటే గంటకు 18 లీటర్ల పైచిలుకు, నిమిషానికి 300 మిల్లీలీటర్లు దాటుతుంది. 100 అయితే నిమిషానికి అర లీటరు. దాని మీద మూడో వంతు ఎక్కువ ఇచ్చే పంపు తీసుకోండి. కొలవాలంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, పెట్రోలు సీసాలోకి పట్టాలి. ఫ్లోట్ ఛాంబర్‌లో ఉన్న పెట్రోలుతో ఇంజన్ కాసేపు నడుస్తుంది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

నా పంపు నిమిషానికి 150 మిల్లీలీటర్లు కూడా ఇవ్వలేదు. పాత స్ప్రింగు మళ్లీ వేయించి, పంపుకు ముందు కాస్త పారదర్శకమైన ట్యూబు పెట్టి చూస్తే బుడగలు! ట్యాంకు వైపు రబ్బరు ట్యూబు పగిలి గాలి పీలుస్తోంది. ట్యూబు, క్లిప్పులు మార్చాక అదే పంపు 400 దాటింది. కొత్త పంపే అక్కర్లేకపోయింది. అందుకే ముందు ట్యాంకు వైపు చూడమంటాను.

కొనాల్సే వస్తే డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునేదేనా అని గట్టిగా అడగండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దానికి నిలవదు. డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఇంజనాయిల్లోకి దిగి బేరింగులు పోతాయి, కాబట్టి డిప్‌స్టిక్ తీసినప్పుడల్లా వాసన చూడండి.

ఎలక్ట్రిక్ పంపు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. నేను ఒప్పుకోను. యాక్సిడెంట్ అయ్యి ఇంజన్ ఆగినా, తాళం ఆన్‌లో ఉంటే, కటాఫ్ లేని ఎలక్ట్రిక్ పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. ఏసీ పంపు ఇంజన్‌తోపాటే ఆగిపోతుంది. ఉలవపాడు తర్వాత నాకు ఇంకో ఆలోచన లేదు.

బిగించేటప్పుడు పంపుకూ బ్లాకుకూ మధ్య ఉండే ఫైబర్ ప్యాకింగ్ పారేయనివ్వకండి. అది వేడిని ఆపుతుంది, దాని మందం మారితే లివర్ స్ట్రోకు కూడా మారిపోతుంది. మీ బండి ఏదో, కార్బురేటర్ ఏదో, సీసాలో నిమిషానికి ఎంత పడిందో రాయండి, స్ప్రింగు జోలికి వెళ్లకుండా ఏం చేయొచ్చో చెబుతాను.