ఇంట్లో మాటకి మాట, స్టేజీ ఎక్కితే ఏడుపు. పాపకి డిబేట్ ఎలా నేర్పాలి?

ప్రశ్న: సార్, మాది తాడేపల్లిగూడెం. పాప తొమ్మిదో తరగతి. ఇంట్లో వాళ్ల నాన్న ఒకటంటే తను పది అంటుంది. కానీ మొన్న స్కూల్ డిబేట్‌లో టీచర్ రాసిచ్చింది బట్టీపట్టి వెళ్లి సగంలో మర్చిపోయి ఏడ్చుకుంటూ దిగేసింది. లా చదువుతానంటోంది, ఒక్కోసారి ఐఏఎస్ అంటుంది. 18,000 కట్టి పబ్లిక్ స్పీకింగ్ కోర్సులో చేర్చమంటారా?

జవాబు: అమ్మా, డబ్బులు అలా ఉంచండి, ముందు ఆ ఏడుపు సంగతి చూద్దాం. పాపకి మాట రాక ఆగలేదు, కాగితంలో తర్వాతి లైను గుర్తురాక ఆగింది. మన దగ్గర డిబేట్ అని పెట్టేవి చాలావరకు ఎలొక్యూషన్లేనండి, ఎవరిది వాళ్లు అప్పజెప్పేసి దిగిపోతారు, ముందు పిల్లాడు ఏమన్నాడో తర్వాత పిల్లకి పనే లేదు. నేనూ ఇంటర్లో "సైన్స్ వరమా శాపమా" అంటే వరం అని గుక్క తిప్పుకోకుండా చెప్పి స్టీలు టిఫిన్ డబ్బా ప్రైజు కొట్టినవాణ్ణే, కిందకి దిగాక ఒకడు "మరి అణుబాంబు సంగతేంట్రా" అంటే నీళ్లు నమిలాను.

కాలేజీల్లో బ్రిటిష్ పార్లమెంటరీ అనే పద్ధతిలో ఆడతారు, టాపిక్ 15 నిమిషాల ముందే ఇస్తారు, ఏ వైపు మాట్లాడాలో కూడా వాళ్లే చెప్తారు, మాట్లాడేది 7 నిమిషాలు, మధ్యలో ఎదుటి టీమ్‌వాళ్లు లేచి ప్రశ్న వేస్తారు. అక్కడ బట్టీ ఏం పనికొస్తుంది చెప్పండి.

మరి ఏం నేర్పాలి అంటే, నా లెక్కలో ఒక్కటే, ఎదుటివాడి మాట వాడికంటే బాగా చెప్పగలగడం. మన తర్కంలో దీన్నే పూర్వపక్షం అంటారు. న్యాయసూత్రాల్లో వాదం, జల్పం, వితండం అని మూడు రకాలు చెప్పారు. నిజం తేలాలని మాట్లాడితే వాదం, ఎలాగోలా గెలవాలని మాట్లాడితే జల్పం, తనదంటూ ఏమీ నిలబెట్టకుండా ఎదుటివాడిది కొట్టేస్తూ పోతే వితండం. మీ పాప వాళ్ల నాన్నతో చేసేది మూడోది అయ్యుంటుంది, ఏమనుకోకండి, ఆ వయసులో అందరం అంతే.

మా శనివారం బ్యాచ్‌లో ఒకసారి "స్కూలుకి ఫోన్ తేనివ్వాలా" అని పెట్టాను. ఒక అబ్బాయి తేనివ్వాలి అన్నాడు, బస్సు లేటైతే ఇంట్లో కంగారు పడతారు కదా అని. రూల్ ఏంటంటే, వాడేమన్నాడో అవతలి అమ్మాయి ముందు చెప్పాలి, వాడు "అవును, అదే అన్నాను" అంటేనే తన జవాబు మొదలుపెట్టాలి. ఆ పిల్ల లేచి "వీడికి గేమ్స్ ఆడుకోడానికి ఫోన్ కావాలంట" అంది. "నేనలా అన్లేదు" అన్నాడు వాడు. మళ్లీ చెప్పింది, మళ్లీ కాదన్నాడు. మూడోసారి కాస్త ఆగి, "బస్సు లేటైతే ఇంటికి చెప్పాలి, అందుకని" అంది. "ఆ, అదే" అన్నాడు వాడు. అప్పుడా పిల్ల మెల్లగా "అయితే ఆఫీస్ రూమ్‌లో ఒక ఫోన్ ఉంటే సరిపోద్ది కదా, అందరి బ్యాగుల్లో ఎందుకు?" అంది. వాడు నోరు తెరిచి మళ్లీ మూసేశాడు. గొంతు పెంచింది లేదు, టేబుల్ గుద్దింది లేదు.

ఇది ఇంట్లో భోజనాల దగ్గర చేసుకోవచ్చు. రూపాయి బిళ్ల ఎగరేసి ఏ వైపో తేల్చండి, తలో రెండు నిమిషాలు, చేతిలో చీటీ మీద మూడు పదాలకి మించి ఉండకూడదు. నాన్నగారు జడ్జి అవ్వకూడదండోయ్, ఆయన ప్రతిపక్షం, నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆవిడ జడ్జి, ఆవిడకి అర్థంకాని పాయింటు లెక్కలోకి రాదు. మొదట తెలుగులోనే కానివ్వండి, మధ్యలో ఇంగ్లీషు గ్రామర్ దిద్దితే ఆలోచన తెగిపోద్ది. పేపర్లో రోజూ ఒక ఎడిటోరియల్ చదివించి "దీన్ని ఒప్పుకోనివాడు ఏమంటాడు" అని అడగండి చాలు.

ఇక కెరీర్ సంగతి. ఐదేళ్ల లాకి ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు. నేషనల్ లా యూనివర్సిటీల్లో సీటుకి రాసే ఎంట్రన్స్ క్లాట్‌లో మాట్లాడే పరీక్ష అసలు లేదు, 2 గంటల్లో 120 ప్రశ్నలు, పేరాలు చదివి ఎవరి వాదన ఎక్కడ నిలబడుతుందో ఎక్కడ జారిపోతుందో పట్టుకోవాలి, అంటే డిబేట్ కప్పులతో సీటు రాదు కానీ ఆ ఆలోచన పనికొస్తుంది. హైదరాబాద్ నల్సార్‌లోనో సబ్బవరం దామోదరం సంజీవయ్య లా వర్సిటీలోనో చేరాక మాత్రం మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టులో కేసు వాదించడం, తప్పదు, జడ్జి మధ్యలో ఆపి అడుగుతూనే ఉంటారు. సివిల్స్ అయితే మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూకి 275, అది తెలుగులో కూడా ఇవ్వొచ్చు. శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ తెలుగు మాధ్యమంలోనే మెయిన్స్ రాసి 2016 సివిల్స్ పరీక్షలో 3వ ర్యాంకు కొట్టారు, కాబట్టి ఇంగ్లీషు రాదని పాప ముందు అనకండి.

కోర్సు కావాలనుకుంటే ముందు ఒక క్లాసు వెనక కూర్చుని చూడండి. గంట క్లాసులో 40 మంది ఉంటే సార్ అస్సలు నోరు తెరవకపోయినా ఒక్కొక్కరికీ వచ్చేది నిమిషంన్నర, దానికి 18,000 ఎందుకండీ.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. టాపిక్ నేనే ఇస్తా, "సెలవుల్లో ట్యూషన్ ఉండాలా వద్దా". ఈ ఒక్కసారికి రూపాయి బిళ్ల వద్దు, పాపకి "ఉండాలి" వైపు ఇచ్చేయండి.