వానలో బండి: గుడ్డ మంచిదే, కుట్టు సంగతేంటి?

ప్రశ్న: లేబుల్ మీద 10,000 మి.మీ. వాటర్‌ప్రూఫ్ అని ఉన్న రెయిన్‌సూట్ కొన్నాను. జాకెట్ బాగానే ఉంది గానీ, అరగంట బండి నడిపేసరికి సీటు మీద కూర్చున్న చోట ప్యాంటు లోపల తడి తెలుస్తోంది. లేబుల్ మీది అంకె అబద్ధమా?

జవాబు: అంకె నిజమే అయి ఉండొచ్చు. కాకపోతే అది గుడ్డ సంగతి చెబుతుంది, ప్యాంటు సంగతి కాదు. కుట్టు లేని గుడ్డ ముక్కను బిగించి, ఒక పక్క నుంచి నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. అవతలి పక్క మూడు చోట్ల చుక్కలు తేలగానే ఆపి, ఆ ఒత్తిడి ఎంత ఎత్తు నీటికి సమానమో రాస్తారు. ఐఎస్ఓ 811 అనే అంతర్జాతీయ ప్రమాణ పరీక్ష ఇదే. 10,000 మి.మీ. అంటే పది మీటర్ల ఎత్తు నీటిని ఆ గుడ్డ ఆపిందన్నమాట.

మీరు సీటు మీద పెట్టే ఒత్తిడి ఎంతో చూడండి. 70 కిలోల బరువు 1000 చదరపు సెంటీమీటర్ల మీద పడితే సగటున చదరపు సెంటీమీటరుకు 70 గ్రాములు, అంటే 700 మి.మీ. నీటి ఎత్తు. పిరుదుల ఎముకల కింద అది కొన్ని రెట్లు ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు ఇంకా పెరుగుతుంది. అందుకే 2000 రకం గుడ్డ సీటు దగ్గర చేతులెత్తేస్తుంది, 10,000 రకం తట్టుకుంటుంది. మీది తట్టుకునే రకమే కాబట్టి అనుమానం కుట్టు మీదికే వెళ్లాలి. ప్రతి సెంటీమీటరు కుట్టులో మూడు నాలుగు సూది రంధ్రాలుంటాయి. వాటి మీద లోపలి నుంచి వేడితో అతికించిన టేపే నీటిని ఆపేది. కాళ్ల మధ్య నాలుగు కుట్లు ఒకేచోట కలుస్తాయి. అక్కడ మందం ఎక్కువై టేపు సరిగా అతుక్కోదు, కాలెత్తి బండెక్కిన ప్రతిసారీ లాగుడంతా అక్కడే పడుతుంది. పైగా జాకెట్ మీంచి, ట్యాంకు మీంచి జారిన నీళ్లన్నీ వచ్చి చేరేది కూడా ఆ పల్లానికే.

ఎక్కడ కారుతోందో ఇంట్లోనే కనుక్కోవచ్చు. ప్యాంటును లోపలి వైపు బయటికి తిప్పండి. కాళ్ల మధ్య కుట్టుకు ఓ 10 సెం.మీ. కింద రెండు కాళ్లనూ మెత్తటి తాడుతో గట్టిగా కట్టేయండి. నడుము పట్టుకుని వేలాడదీసి, కలయిక కుట్టు మీద జానెడు ఎత్తు నిలిచేలా నీళ్లు పోయండి. బయటి పక్క తుడిచి పావుగంట ఆగండి. జానెడు నీళ్ల ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి, ఊరికే చూసి చుక్క రాలేదని వదిలేయొద్దు. నీళ్లున్న భాగాన్ని రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి, కుట్టు వెంట టిష్యూ కాగితం అద్దుకుంటూ పోండి. మచ్చ పడిన చోట బాల్‌పెన్నుతో గుర్తు పెట్టండి. లోపల జాలీ లైనింగ్ ఉంటే పని కొంచెం కష్టం. చెమ్మ లైనింగ్‌లో పాకిపోయి, ఒకచోట కారితే ఇంకోచోట కనిపిస్తుంది. లైనింగ్‌ను వేళ్లతో పైకి లాగి దాని కింద చూడాలి.

గుర్తు పెట్టిన చోట బాగా ఆరనిచ్చి, లేచిన టేపును కత్తిరించి, స్పిరిట్‌తో తుడిచి, సీమ్ సీలర్ (కుట్టు రంధ్రాలను మూసే జిగురు) పల్చగా రెండు పూతలు వేయండి. రంధ్రాలకు అటూ ఇటూ ఓ 5 మి.మీ. దాకా పాకాలి. పీయూ (పాలీయూరిథేన్) పూత ఉన్న నైలాన్, పాలిస్టర్ గుడ్డలకు యూరిథేన్ సీలర్ వాడాలి. సిలికాన్ పూత గుడ్డకు సిలికాన్‌దే అంటుకుంటుంది, మిగతావి ఎండాక పొరలా ఊడిపోతాయి. ఒక రోజు ఆరాక మళ్లీ నీళ్లు పోసి చూడండి.

ప్రశ్న: కొత్త సూట్ కొనాలి. షాపులో ఏం చూడాలి? ఇంటికి తెచ్చాక ఎలా పరీక్షించాలి?

జవాబు: నిలబడి తొడుక్కుని అద్దంలో చూసుకోవద్దు. బండి మీద కూర్చోండి, బండి లేకపోతే కుర్చీకి అటూ ఇటూ కాళ్లు వేసి, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపండి. రోజూ వేసుకునే బట్టల మీద, రైడింగ్ జాకెట్ వాడేవారైతే దాని మీద తొడిగి చూడాలి. కూర్చోగానే మోకాలు వంగి ప్యాంటు అంచు పైకి జరుగుతుంది, వీపు దగ్గర జాకెట్ లేస్తుంది, మణికట్టు బయటపడుతుంది. ఆ భంగిమలో ప్యాంటు అంచు చీలమండను దాటి షూ మీద పడాలి. జాకెట్ వెనక భాగం ప్యాంటు నడుము మీద కనీసం 15 సెం.మీ. కప్పాలి. కాలెత్తి సీటు దాటించినప్పుడు కాళ్ల మధ్య బిగుతు తగిలిందంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. బిగుతు ప్యాంటు మొదట చిరగదు, ముందు టేపు లేస్తుంది. మరీ వదులు కూడా మంచిది కాదు. గాలికి టపటపా కొట్టుకునే గుడ్డ త్వరగా పాడవుతుంది.

తర్వాత జిప్పు. గంటకు 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆ వేగంతో ఎదురొచ్చిన చినుకు తగిలిన క్షణంలో సుమారు 14 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి పెడుతుంది. అది రెప్పపాటే కాబట్టి మంచి గుడ్డకు లెక్కలేదు, జిప్పు పళ్ల సందులకు మాత్రం చాలు. (వేగం సగానికి తగ్గిస్తే ఆ ఒత్తిడి నాలుగో వంతుకు, మూడున్నర మీటర్లకు పడిపోతుంది. ఖర్చు లేని వాటర్‌ప్రూఫింగ్ ఇదొక్కటే.) 'వాటర్‌ప్రూఫ్ జిప్పు' పేరుతో వచ్చే పూత జిప్పును ఒంటరిగా నమ్మొద్దు, లాగే పిడి ఆగిన చోట ఎప్పుడూ చిన్న సందు మిగులుతుంది. జిప్పు మీద ఒక పట్టీ, జిప్పు వెనక ఇంకో పట్టీ ఉండాలి. వెనక పట్టీ అంచు మడతపడి కాలువలా ఉంటే ఇంకా మేలు, దూరిన నీళ్లు లోపలికి రాకుండా ఆ కాలువలోంచి కిందికి పోతాయి. పట్టీని మూసే వెల్క్రో ముక్కలు ముక్కలుగా కాక పొడవునా ఉందా చూడండి. ముక్కల మధ్య పట్టీ గాలికి నోరు తెరుస్తుంది.

లోపల టేపును గోటితో ఒక మూల గీకండి. కొత్త సూట్‌లో అంచు లేచిందంటే పక్కన పెట్టేయండి. టేపు కింద బుడగలు, ముడతలు ఉన్నా అంతే. చంకలో, మెడ వెనక, కాళ్ల మధ్య ఈ మూడు చోట్లా చూస్తే చాలు, మిగతా చోట్ల సాధారణంగా బాగానే వేస్తారు.

ఇంటి పరీక్షకు లోపల బూడిద రంగు పల్చటి కాటన్ బట్టలు వేసుకోండి. తడి తగిలిన చోట ఆ రంగు నల్లగా తేలినంత స్పష్టంగా తెలుపు మీద గానీ నలుపు మీద గానీ తేలదు. షవర్ కింద ప్లాస్టిక్ స్టూలు మీద బండి భంగిమలో పది నిమిషాలు కూర్చోండి. నెత్తి మీంచి పడే నీళ్లతో సగం పరీక్షే అయినట్టు. చేతి షవర్ గానీ గొట్టం గానీ ఉంటే, ఇంకొకరిని ఛాతీ మీదికి, మెడ మీదికి ఎదురుగా కొట్టమనండి. ఒడిలో నీళ్లు నిలిస్తే దులిపేయకండి, అవి ఉండాల్సిందే. బయటికొచ్చి ముందు తలా, సూట్ పైభాగమూ తుడుచుకుని, ఆ తర్వాతే సూట్ విప్పండి. చాలామంది విప్పేటప్పుడు కాలర్ నుంచి కారిన నీళ్లు చూసి లీకనుకుంటారు.

ఒక మాట నలుపు రంగు గురించి. వానలో ఎదుటివాళ్ల అద్దాలు కూడా మసకగానే ఉంటాయి. పసుపు గానీ నారింజ గానీ తీసుకుని, రిఫ్లెక్టివ్ పట్టీలు వీపు మీద, భుజాల మీద ఉన్నాయో లేదో చూసుకోండి. బ్యాగు తగిలిస్తే వీపు పట్టీ మూసుకుపోతుంది, కాబట్టి బ్యాగు కవరుకూ ఉండాలి.

ప్రశ్న: ఎక్కడా చిరుగు లేదు, టేపు బాగానే ఉంది. అయినా ఆఫీసు చేరేసరికి చొక్కా తడిగా ఉంటోంది. ఇది చెమటా, వానా?

జవాబు: వాన లేని రోజు అదే దారిలో, అంతే సేపు సూట్ వేసుకుని వెళ్లి చూడండి. అప్పుడూ తడిస్తే చెమటే. తడి తీరు కూడా చెబుతుంది. లీకు ఒకచోట మొదలై, అంచు తెలిసేలా మచ్చ కడుతుంది. చెమట వీపంతా, మోచేతుల లోపలి పక్కంతా పల్చగా పరుచుకుని, సూట్ లోపలి ముఖం మీద సన్నటి బిందువులు కడుతుంది.

పీవీసీ (ప్లాస్టిక్) సూట్‌లోంచి ఆవిరి బయటికి పోదు. నీటిని ఆపి ఆవిరిని మాత్రం వదిలే సన్నటి పొర ఉన్న 'బ్రీతబుల్' సూట్‌లో పోతుంది. చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో లేబుల్ మీద వేస్తారు. పరీక్ష పద్ధతులు వేరు కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. అసలు చిక్కు వేరే ఉంది. లోపలి గాలికీ బయటి గాలికీ ఆవిరి ఒత్తిడిలో ఉన్న తేడాయే ఆవిరిని తోస్తుంది. బయట 10 డిగ్రీల చలి వానలో ఆ తేడా, 27 డిగ్రీల ఉక్కపోత వానలో కంటే రెండు రెట్లకు పైగా ఉంటుంది. వెచ్చటి వానలో ఎంత ఖరీదైన పొరైనా బద్ధకంగానే పనిచేస్తుంది. అక్కడ పొర కంటే వీపు మీద పట్టీ కింద దాగిన గాలి రంధ్రం, చంకలో జాలీ ఎక్కువ మేలు చేస్తాయి. లోపల మందం కాటన్ మానేసి త్వరగా ఆరే పల్చటి బట్ట వేసుకోండి. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగితే మెడ దగ్గర నాలుగు వేళ్లంత జిప్పు దించండి, కదిలేముందు మూసేయండి.

ప్రశ్న: గ్లవ్స్ అంచు జాకెట్ చేతి లోపలా, బయటా? షూ కవర్లు పనికొస్తాయా?

జవాబు: చేతులు మోచేతుల కంటే కిందుగా ఉండే బండి అయితే నీళ్లు చేతి మీంచి వేళ్ల వైపు జారతాయి, కాబట్టి జాకెట్ చెయ్యి గ్లవ్ మీదికి రావాలి. హ్యాండిల్ ఎత్తుగా ఉండి చేతులే పైన ఉంటే తిరగేయండి. ప్యాంటు విషయంలో రెండో మాట లేదు, ఎప్పుడూ షూ మీదికే. షూ కవర్ల అడుగు తడి నేల మీద జారుతుంది, గరుకు రబ్బరు అడుగు ఉన్నవే కొనండి. గేరు లివరు తగిలే ఎడమ కవరు పైభాగం ముందు చిల్లు పడుతుంది. కొనగానే అక్కడ అదనపు రబ్బరు ముక్క అతికించుకుంటే చాలాకాలం వస్తుంది.

ప్రశ్న: పది నిమిషాల దారే. తలలోంచి దూర్చుకునే పోంచో చాలదా?

జవాబు: వద్దు. నడిచేవాళ్లకు అది బాగుంటుంది. బండి మీద గాలికి బెలూన్‌లా ఉబ్బుతుంది, అంచు వెనక చక్రంలోనో చెయిన్‌లోనో పడితే మనిషిని లాగి పడేస్తుంది. వెనక లైటును కూడా కప్పేస్తుంది. రెయిన్‌కోట్ టోపీని హెల్మెట్ కింద పెట్టడమూ తప్పే, హెల్మెట్ బిగుతు పోతుంది. టోపీని మడిచి కాలర్‌లోకి నెట్టేయండి.

ప్రశ్న: ఏడాది డిక్కీలో మడిచి ఉంచిన సూట్ లోపల జిగటగా తయారైంది. ఉతికితే పోతుందా?

జవాబు: పోదు. తడి మీద మడిచిపెడితే పీయూ పూత తేమతో విడిపోయి ముందు జిగటగా, తర్వాత పొట్టులా రాలుతుంది. డిక్కీ వేడి దాన్ని తొందర చేస్తుంది. జిగట మొదలయ్యాక ఏ స్ప్రే కూడా ఆ పూతను తిరిగి తేలేదు. పీవీసీకి ఈ జబ్బు లేదు గానీ మడత గీతల వెంట పగులుతుంది. చిన్న పగులైతే పీవీసీ జిగురుతో, చిరుగు కంటే చుట్టూ రెండు సెం.మీ. పెద్దగా, మూలలు గుండ్రంగా కత్తిరించిన ముక్క అతికించండి. చదరపు మూలలు ముందు లేస్తాయి.

కొందరికి వచ్చే ఫిర్యాదు ఇంకోటి: నీళ్లు పైన ముత్యాల్లా జారకుండా గుడ్డలోకి పీల్చుకోవడం, కానీ లోపల జిగట లేకపోవడం. అది పై పూత అరగడం మాత్రమే. సాఫ్ట్‌నర్ లేకుండా తేలికపాటి ద్రావణంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే మధ్యలో పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. ముత్యాలు తిరిగి రాకపోతే అప్పుడు నీటిని జార్చే పై పూత స్ప్రే కొట్టండి. ఇది పొర ఉన్న గుడ్డలకే. పీవీసీ మీద ఇస్త్రీ పెడితే పెట్టెకే అతుక్కుంటుంది.

కొత్తది కొన్నాక, వానలో తడిసి ఇంటికి వచ్చిన ప్రతిసారీ నీడలో హ్యాంగర్‌కు తగిలించండి, ముందు బయటి వైపు, ఆరాక లోపలి వైపు తిప్పి. జాకెట్ ఇంకా బాగుంటే ప్యాంటు ఒక్కటే మార్చినా సరిపోతుంది, దాదాపు ఎప్పుడూ ముందు పోయేది అదే.